ముక్కుపిల్ల ప్రయాణం

కొట్టు మీది గది

ముక్కుపిల్లా,

బాగున్నావా అని అడగను. బాగుంటే తీరిక లేదని రాయవు, బాగా లేకపోతే చెప్పుకోవడం ఇష్టం లేక రాయవు. ఫోన్ చేద్దామంటే మీ అన్నయ్య సంగతి తెలిసిందే. నీ గొంతు వినబడితే చాలు, నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తన మోకాలి నొప్పి మొదటినుంచీ చెప్పుకొస్తారు. ఆయన కుడి మోకాలు పూర్తయ్యేసరికి ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంది. అందుకే ఈ మెయిలు.

విషయం ఏమిటంటే, కొట్టు పెడుతున్నాను. నవ్వకు. పదహారేళ్లు ఆ ఆఫీసు క్యాంటీన్‌లో ఇంకొకరి పొయ్యి ముందు నిలబడ్డాను. ఇప్పుడు అందరూ ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నారట, క్యాంటీన్ మూసేశారు. యాభై దాటిన మనిషికి కొత్తగా ఉద్యోగం ఎవరిస్తారు? మా మేడ కింద చెప్పుల షాపు ఖాళీ అయితే అద్దెకు తీసుకున్నాను. టీ కొట్టు. నాలుగు బల్లలు, కిటికీ పక్కన ఒక బెంచీ. గోడలకు మీ అన్నయ్యే రంగు వేశారు. సగం రంగు గోడల మీద ఉంది, మిగతాది ఆయన మీద.

బోర్డు కూడా రాయించాను. పేరు కింద ఇలా ఉంటుంది: "మా టీ పొడి కలిపింది వేల రకాలు రుచి చూసిన మా ఇంటి ఆడపడుచు." అక్షరాలు ఎంత పెద్దవంటే రోడ్డుకు అటుపక్కన బస్సులో కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తాయి. నువ్వు వచ్చి, వాసన చూసి, ఇది ఇంత, అది ఇంత అని కలిపి ఇస్తే ఆ పొడి తెప్పిస్తాను. నువ్వు వచ్చేదాకా కొట్టు తెరవను. ఇది పెట్టి నిలబడలేకపోతే నా దగ్గర ఇంకో దారి లేదు.

రావడానికి రూల్స్ కనుక్కున్నాను. విమానం ఎక్కే ముందు మూడు రోజుల లోపల టెస్టు చేయించుకోవాలి. ఇక్కడ దిగాక పది రోజులు హోటల్ గదిలో పెట్టి బయటికి రానివ్వరు, మధ్యలో ఇంకో టెస్టు. ఆ తర్వాత వదిలేస్తారు. అంతే.

మూడు రకాల పొళ్లు పోస్టులో పంపుతున్నాను. ముందుగా వాసన చూసి ఉంచు.

మీ వదిన


టీ కంపెనీ వెనక వీధి

వదినా,

బోర్డు సంగతి చదవగానే గుండెల్లో రాయి పడింది. నన్నొక మాట అడిగి రాయించకూడదా?

కొట్టు పెట్టినందుకు చాలా సంతోషం. నిజంగా. కానీ ఆ టెస్టు సంగతే ఆలోచిస్తున్నాను. పొడుగాటి పుల్ల తీసుకుని ముక్కులో దూర్చి, ఇక లోపల చోటు లేదనుకున్నాక ఇంకాస్త దూర్చి, గిర్రున తిప్పుతారట. మా కంపెనీలో ముక్కును ఎలా కాపాడుకుంటామో నీకు తెలియదు. సెంటు పూసుకుని వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. పచ్చి ఉల్లిపాయ తింటే ఆ రోజు సెలవు పెట్టాలి. ఇరవై నాలుగేళ్లుగా ఈ ముక్కుతోనే బతుకుతున్నాను. పాటకత్తె గొంతులో చీపురుపుల్ల పెట్టి తిప్పుతామంటే ఊరుకుంటుందా? నేనూ అంతే.

ఆ టెస్టు లేకుండా రానిచ్చే రోజులు వస్తే అప్పుడు చూద్దాం. ఈలోగా ఆ క్యాంటీన్‌లో వాడిన పొడితోనే మొదలుపెట్టు. మరీ అంత చెడ్డదేం కాదు.

అన్నయ్య మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టమను.

నీ ఆడపడుచు


కొట్టు, కిటికీ పక్క బెంచీ

ముక్కుపిల్లా,

చెడ్డదేం కాదా? పోయినసారి వచ్చినప్పుడు అదే పొడితో టీ పెట్టిస్తే "వదినా, దీంతో గోనెసంచులు ఉతుక్కోవచ్చు" అన్నదానివి నువ్వేనా? సరే, దూరం వల్ల నా మీద ప్రేమ పెరిగిందనుకుంటాను.

నీ పుల్ల సమస్యకు విరుగుడు దొరికింది. పొద్దున్నించీ ప్రయాణాల రూల్స్ చెప్పేవాళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. మొదటాయన ముక్కు టెస్టు తప్ప ఇంకేదీ చెల్లదన్నాడు. రెండో ఆవిడ ఏ టెస్టయినా పర్వాలేదంది. మూడో ఆయన అంతా విని "మీరేమనుకుంటున్నారు?" అని నన్నే అడిగాడు. నాలుగో ఆయన ఎదురుగా రూల్స్ పెట్టుకుని చదివాడు. ఉమ్మి టెస్టు కూడా చెల్లుతుంది! చిన్న గొట్టంలో ఉమ్మి ఇస్తే చాలు. ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నీ ముక్కు జోలికి ఎవరూ రారు.

రోజుకు వందసార్లు టీ చప్పరించి ఉమ్మినందుకే నీకు జీతమిస్తున్నారు. ఇంతకంటే సులువైన పరీక్ష నీకు ఎక్కడ దొరుకుతుంది? టికెట్ కొనేశాను. ఇక వంకలు పెట్టకు.

పొళ్ల పార్సిల్ అందిందా? మీ అన్నయ్యే కట్టి పంపారు. ఎలా ఉన్నాయో ఒక్కో దాని గురించీ రాయి. నీ తిట్ల కోసం చూస్తుంటాను.

మీ వదిన


టీ కంపెనీ వెనక వీధి

వదినా,

కోపం తెచ్చుకోకు. విమానం వెళ్లిపోయింది, నేను ఇక్కడే ఉన్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ రోజు కంపెనీలో నలభై కప్పులు పెట్టారు. అన్నీ రుచి చూసి, నేరుగా టెస్టు చేసే చోటుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన "అరగంటలో ఏమైనా తాగారా?" అన్నాడు. లేదన్నాను. "టీ, కాఫీ, నీళ్లు?" ఏవీ తాగలేదన్నాను. ఒట్టేసి చెబుతున్నాను వదినా, అబద్ధమాడలేదు. మేం టీ తాగం. చప్పరించి ఉమ్మేస్తాం. ఉద్యోగంలో చేరిన రోజు మాకు నేర్పే మొదటి పాఠం అదే. డ్యూటీలో ఒక్క గుక్క మింగినా మా ఆఫీసు పెద్దాయన గుడ్లురుముతాడు. ఎవరైనా ఏమైనా తాగావా అని అడిగితే లేదనడం ఇరవై నాలుగేళ్లుగా అలవాటైపోయింది.

తర్వాత గొట్టం చేతికిచ్చి ఉమ్మమన్నాడు. మా గదిలో ఉమ్మే డబ్బా మనిషికి రెండడుగుల దూరంలో ఉంటుంది. దగ్గరికి వంగి ఉమ్మేవాడికి పని రాదని అర్థం. గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టి, వెనక్కి జరిగి, అలవాటు ప్రకారం కొట్టాను. గురి తప్పలేదు. కానీ గొట్టం మరీ తేలిక. అది ఎగిరి ఆయన ఒళ్లో పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పోయాడు. వరసలో ఉన్నవాళ్లు వరస వదిలేసి వీధిలోకి పరిగెత్తారు. ఎవరో పోలీసులను పిలవమన్నారు కూడా.

మళ్లీ ఇంకో గొట్టంలో, మూతి ఆనించి, చిన్నపిల్లలా ఉమ్మి ఇచ్చాను. అది ఎర్రగా, చక్కటి టీ రంగులో ఉంది. "ఇదేమిటమ్మా?" అన్నాడాయన. "ఈ ఏటి రెండో కోత," అన్నాను. రిపోర్టులో ఉందనీ లేదనీ రాకుండా "తేలలేదు" అని వచ్చింది. మళ్లీ రమ్మన్నారు, కానీ ఆయన డ్యూటీలో లేని రోజున.

పొళ్లు అందాయి. మూడూ బాగున్నాయి. చాలా బాగున్నాయి వదినా. మంచి సువాసన. ఏది వాడినా పర్వాలేదు. నేను రాకపోయినా నీ కొట్టు ఆగక్కర్లేదు.

నీ ఆడపడుచు


కొట్టు

ముక్కుపిల్లా,

ఉమ్మి కథ చదివి కడుపుబ్బ నవ్వాను. మీ అన్నయ్య మోకాలు మరిచిపోయి ఇల్లంతా తిరిగి మేడ మీదివాళ్లకు కూడా చదివి వినిపించారు. చివరి పేరా మాత్రం నేను ఆయనకు చూపించలేదు.

నా పెళ్లయిన కొత్తలో మీ ఇంట్లో మొదటిసారి టీ పెట్టాను. ఇంటిల్లిపాదీ బాగుందన్నారు. నువ్వొక్కదానివి గ్లాసు పక్కన పెట్టేసి "పాలు ఒకసారి పొంగి, కింద పడి, తుడిచిన వాసన వస్తోంది" అన్నావు. నిజంగానే పొంగాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా నా టీ బాగుందని నీ నోటివెంట వినలేదు. ఇప్పుడు ఒక్క ఉత్తరంలో మూడు పొళ్లూ బాగున్నాయి, చాలా బాగున్నాయి, మంచి సువాసన!

ఆ పార్సిల్ మీ అన్నయ్య కట్టారని చెప్పాను కదా. అట్టపెట్టె దొరక్క, స్వెట్టర్లు దాచే పెట్టె ఖాళీ చేసి అందులో పెట్టి పంపారట. మొన్న స్వెట్టర్లు నేలమీద కనబడితే అడిగాను. అడుగున గుప్పెడు కలరా ఉండలు ఉన్నాయి, తీయలేదట. "పొట్లాలు గట్టిగానే కట్టాను" అంటారు. ఆ పెట్టె దగ్గర నిలబడితే నాకే కళ్లు మండాయి.

కలరా ఉండల్లో ఊరిన టీ పొడి నీకు మంచి సువాసన వచ్చిందా?

నిన్ను ఏమీ అనను. ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పటినుంచి?

వదిన


ఇంట్లో, వంటగది గట్టు దగ్గర

వదినా,

రెండు నెలలైంది.

జ్వరం వచ్చింది. రెండు రోజులుంది. కంపెనీలో నడుం పట్టేసిందని చెప్పి, మా వీధి డాక్టరు దగ్గర చూపించుకున్నాను. జ్వరం తగ్గాక ఒకరోజు స్నానం చేస్తుంటే సబ్బు వాసన రాలేదు. కల్తీ సబ్బనుకుని షాపువాడితో పోట్లాడాను. తర్వాత ఇంకోరోజు పక్కింటావిడ తలుపు బాదింది. తీస్తే ఇల్లంతా పొగ. స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయి ఉంది, నేను పక్క గదిలో హాయిగా పేపరు చదువుకుంటున్నాను. అప్పుడు అర్థమైంది.

జబ్బు చేసినవాళ్లు ముక్కు పరీక్ష చేయించుకోకుండా రుచి చూసే గదిలోకి రాకూడదని కంపెనీ రూలు. నేను చెప్పలేదు. రోజూ వెళ్తున్నాను. వాసన చూస్తున్నట్టు కప్పు మీదికి వంగుతాను, చప్పరిస్తాను, వేడినీళ్లకూ దానికీ నాకు తేడా తెలియదు. పక్క బల్ల దగ్గర కళ్లద్దాలావిడ ఉంటుంది, నాకంటే జూనియర్. ఆవిడ మొహం చిట్లిస్తే తక్కువ మార్కులు వేస్తాను, మామూలుగా ఉంటే ఎక్కువ వేస్తాను. ఇదీ నా ఘనత. ఇదా నీ బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో ఉండాల్సింది?

ముక్కులో పుల్ల అన్నది వంక. ఉమ్మి గొడవ మాత్రం నిజంగా పొరపాటే, కానీ తేలలేదని వస్తే ప్రాణం లేచివచ్చింది. నిన్న మళ్లీ ఇచ్చాను, ఈసారి నోరు కడుక్కుని. ఉందని వచ్చింది. జబ్బు ఎప్పుడో పోయిందట, అయినా దాని తుక్కు కొన్నాళ్లు టెస్టులో కనబడుతుందట. ఇలాంటివాళ్లు తగ్గిందని డాక్టరు ఇచ్చిన కాగితం చూపిస్తే టెస్టు లేకుండా విమానం ఎక్కనిస్తారని చెప్పారు. కానీ దేశం దాటే సెలవు కావాలంటే ప్రయాణం కాగితాలన్నీ పెద్దాయన బల్ల మీద పెట్టాలి. అది చూస్తే ఆయనకు సంగతంతా తెలిసిపోతుంది. నా ఉద్యోగం అక్కడితో సరి.

భయంగా ఉంది వదినా. నాకు ఇంకో పని రాదు. పొద్దున లేవగానే ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ మూతలు తీసి ఒక్కొక్కటీ వాసన చూస్తాను. అన్నీ ఒకటే. వాసన లేని ఇల్లు ఎవరిదో పరాయివాళ్ల ఇల్లులా ఉంది.

అన్నయ్యకు చెప్పకు.


కొట్టు

పిచ్చిపిల్లా,

మీ అన్నయ్యకు చెప్పేశాను. నా మొహం చూసి ఏమైందని అడిగితే దాచలేకపోయాను. ఆయన తన మోకాలు కాసేపు నిమురుకున్నారు. తర్వాత "మోకాలయితే రెండుంటాయి, ముక్కు ఒక్కటే కదా పాపం" అన్నారు. ఆయన జాలి అలాగే ఉంటుంది మరి.

నీ ముక్కు కోసం నిన్ను పిలవలేదు అని రాద్దామనుకున్నాను. అబద్ధమెందుకు, ముక్కు కోసమే పిలిచాను. ఇప్పుడు మాత్రం ముక్కున్నా లేకపోయినా రమ్మంటున్నాను. ఒక్కదానివి ఆ డబ్బాల మూతలు తీస్తూ కూర్చోవద్దు. పాలు మాడినప్పుడు తలుపు బాదడానికి ఇక్కడ మేమిద్దరం ఉన్నాం.

పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ కాగితం బల్ల మీద పెట్టు. తీసేస్తే తీసేస్తాడు. నా కొట్టులో టీ కలపడం నేను చూసుకుంటాను, గల్లా దగ్గర నువ్వు కూర్చో. చిల్లర లెక్కపెట్టడానికి వాసనతో పనిలేదు. బోర్డు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. వేల రకాలు రుచి చూసిన మాట నిజమే కదా, అందులో నేను ఒక్క అక్షరం కూడా మార్చను.

నాకూ భయంగానే ఉంది. కొట్టుకి ఇంకా ఒక్క గిరాకీ రాలేదు, తెరిస్తేనేగా వచ్చేది. ఇద్దరం కలిసి భయపడదాం, రా.

వదిన


టీ కంపెనీ, రుచి చూసే గది

వదినా,

కూర్చుని చదువు.

నిన్న కాగితం తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్లాను. బల్ల మీద పెట్టి, తల దించుకుని నిలబడ్డాను. ఆయన చదివాడు. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తిరిగొచ్చి, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి నా కాగితం పక్కన పెట్టాడు. అదే డాక్టరు, అదే స్టాంపు, నాకంటే ముందు తారీకు.

"మీక్కూడానా సార్?"

"గట్టిగా అనకమ్మా."

"మరి ఇన్నాళ్లూ మార్కులు ఎలా వేశారు?"

"నీ మొహం చూసి. నీ ముక్కు మీద నాకు అంత నమ్మకం."

"నేను కళ్లద్దాలావిడ మొహం చూసి వేస్తున్నాను సార్," అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడను పిలిపించాం. పాపం, ఆవిడకు వాసన శుభ్రంగా తెలుస్తోందట. "మరి కొన్నిటికి మొహం చిట్లిస్తావేం?" అంటే, "కప్పు వేడిగా ఉంటే ఆవిరి కళ్లద్దాలకు పడుతుంది సార్, కనబడదు," అంది. సరే, మార్కుల మాటేమిటంటే, "మీరిద్దరూ అంత అనుభవం ఉన్నవాళ్లు, నేనెంతదాన్నని మీరు వేసిన మార్కులు చూసే వేస్తున్నాను," అంది.

అంటే రెండు నెలలుగా కప్పులో చల్లారిపోయిన రకాలన్నిటినీ మా కంపెనీ ఏరి కోరి మొదటి రకం అని అమ్మింది. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు. కొన్నవాళ్లక్కూడా ముక్కులు పనిచేయడం లేదేమోనని పెద్దాయన అనుమానం.

చివరికి ఆయనే కళ్లు తుడుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. రెండు నెలల తర్వాత నవ్వాను వదినా. ఆవిడొక్కతే ఇక్కడ పని చూస్తుంది, ఆవిడ మాటే చివరి మాట. మా ఇద్దరికీ ముక్కు తిరిగొచ్చేదాకా సెలవు. రాకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బయల్దేరుతున్నాను. ఆ కలరా ఉండల పొళ్లు పారేశాను.

నీ ఆడపడుచు


కొట్టు

ముక్కుపిల్లా,

నువ్వు దిగావు, నిన్ను బస్సు ఎక్కించి హోటల్‌కి తీసుకెళ్లిపోయారు, మాకు నువ్వు చెయ్యి ఊపడం మాత్రం కనబడింది. నిన్న ఇద్దరం వచ్చి హోటల్ ఎదురుగా నిలబడ్డాం. నాలుగో అంతస్తులో నీ కిటికీ అనుకుని మీ అన్నయ్య ఒక కిటికీకి అరగంట సైగలు చేశారు. అక్కడ ఎవరో గడ్డం ఆయన ఉన్నాడు. అతను కూడా పాపం చివరిదాకా సైగలు చేస్తూనే ఉన్నాడు, మోకాలు పట్టుకుని మరీ.

ఇవాళ నీకు టెస్టని చెప్పారు. ఇక్కడ ఉమ్మి ఒప్పుకోరట, ముక్కులో పుల్లే. నువ్వు తప్పించుకుందామనుకున్నదే ఎదురొచ్చింది. ధైర్యంగా ఉండు. లేదని వస్తే ఆదివారం వదిలేస్తారు, ఉందని వస్తే ఇంకో పది రోజులు.

మూడు పొళ్లు మళ్లీ తెప్పించాను. వాటిలో ఏది బాగుందో తేల్చలేకపోతున్నాను. మీ అన్నయ్యను అడిగితే మూడూ టీలాగే ఉన్నాయంటున్నారు.

వదిన


హోటల్, నాలుగో అంతస్తు, చివరి గది

వదినా,

టెస్టు అయింది. ఫలితం రేపు వస్తుంది, అది ఏదైనా కానీ. ఇప్పుడు చెప్పబోయేది వేరే.

నర్సు వచ్చింది. నెత్తి నుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ తొడుక్కుని, రెండు కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కుర్చీలో కూర్చుని తల వెనక్కి పెట్టమంది. కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. ఒక చేత్తో నా గడ్డం పట్టుకుని, రెండో చేత్తో పుల్ల దూర్చింది. నువ్వు చెప్పినట్టే ధైర్యంగా కూర్చున్నాను. లోపల చోటు అయిపోయాక ఇంకాస్త దూర్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగింది. పుల్ల తీసేసింది. నేను ఊపిరి పీల్చాను.

ఏదో ఉంది.

మొదట నమ్మలేదు. నర్సు చెయ్యి ఇంకా నా గడ్డం మీదే ఉంది. గట్టిగా పట్టుకున్నాను. ఆమె లాక్కోబోయింది, నేను వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని ముక్కు ఆనించి పీల్చాను. వచ్చింది వదినా. కొత్త రబ్బరు. పైన పౌడరు, సన్నగా. దాని కింద సైకిల్ ట్యూబు, ఎండలో పెట్టినది. చివర్లో కొంచెం మందు చేదు, గొంతులో నిలుస్తోంది. ఇరవై నాలుగేళ్లలో ఇంత నాసిరకం సరుకు నా ముందుకు రాలేదు. మళ్లీ పీల్చాను, పోతుందేమోనని.

నర్సు భయపడిపోయింది. "నొప్పిగా ఉందా అమ్మా? ఎందుకు ఏడుస్తున్నారు?" అంది.

"కంపు కొడుతోందమ్మా," అన్నాను. "కంపు కొడుతోంది."

కొట్టు తెరువు వదినా.

ముక్కుపిల్ల